గార్డు డబ్బా

నారాయణఖేడ్‌కు రైలు లేదు. ఫకీర్ మియా ఇంట్లో మాత్రం నూనె డబ్బాల రేకుతో చేసిన పాతకాలపు గూడ్సు బండి ఒకటి రోజూ బల్ల మీద నడుస్తుంది. ముప్ఫై ఏళ్లు గూడ్సు గార్డుగా చేసిన మనిషి. జహీరాబాద్ స్టేషన్లో సెల్‌ఫోనులో పట్టుకొచ్చిన గూడ్సు బండి చప్పుడును పలికించే చిన్న స్పీకరును ఇంజనులో కాక, ఆఖరున ఉండే గార్డు డబ్బాలో దాచాడు. ఇదేమిటని భార్య ఆబెదా అడిగితే, "ఇంజన్ల నేనెన్నడు కూసున్న? నా జాగ గీడనే" అన్నాడు. పట్టాల మీద నిజం బండి కదిలితే డబ్బాల కొక్కేలు ఒకదాన్నొకటి గుంజుకుంటూ, ఆ చప్పుడు వెనక్కి పరుగెత్తి వస్తుంది. అది తన డబ్బాను తాకే ముందే గార్డు గోడకు చెయ్యి ఆనించుకోవాలి, లేకుంటే పడతాడు. ఇప్పటికీ ఆయన బల్ల ముందు కూర్చుని, మీట నొక్కి, ఎడమ చెయ్యి ఇంటి గోడకు ఆనిస్తాడు.

రెండేళ్లుగా ఆయన చెవులు మందగిస్తున్నాయి. ఆ రోజు బండి కదిలింది గాని స్పీకరు పలకలేదు. దాని తీగ ఊడి వేలాడుతుండడం ఆబెదా చూసింది. ఫకీర్ మియా చెయ్యి మాత్రం సరిగ్గా సమయానికే గోడను తాకింది, ఒళ్లు ఒక్క ఊపు ఊగింది. "ఇయ్యాల సప్పుడు మంచిగొచ్చింది గదా?" అన్నాడు మురిసిపోతూ. ఆబెదా వచ్చి పక్కన కూర్చుంది. "మల్ల నడిపియ్యి" అని, తనూ గోడకు చెయ్యి ఆనించింది.