రెండో పొట్లం

నా చిన్నప్పుడు ఒక్క పూట దేవుడి తరఫున తీర్పు చెప్పే ఉద్యోగం చేశాను. జీతం ఒక బెల్లం ముక్క. ఆ తర్వాత నేను చేసిన ఉద్యోగాలేవీ అంత పెద్దవి కావు, అంత తొందరగా ఊడినవీ కావు.

మాది చిత్తూరు. మా తాతకు బెల్లం మండీ ఉండేది. ఏదైనా తూకం వేయందే ఆయన నమ్మడు. ఇంట్లో ఆయన తక్కెడకు అందనిది మా అవ్వ ఒక్కతే. ఆ ఏడు మా మేనత్త ఇంటర్మీడియట్ ప్యాసై రెండు చోట్ల సీటు తెచ్చుకుంది. ఒకటి ఊళ్లోనే టీచర్ ట్రైనింగు. రెండోది తిరుపతిలో పశువైద్యం. ఆడపిల్ల పశువుల డాక్టరు కావడమనే మాట అప్పటికి మా వీధి ఎన్నడూ విని ఉండలేదు.

తాత రెండు చదువులనూ తక్కెడలో పెట్టాడు. టీచరు వైపు ఇంటి తిండి, ఎండాకాలం సెలవులు, నలుగురిలో మర్యాద. రెండో వైపు ఏళ్ల తరబడి హాస్టలు, క్లాసు నిండా మగపిల్లలు, చివరికి ఏ పల్లెలోనో ఉద్యోగం.

"పేడెత్తేదానికి అంత సదువేంది? మన కొట్టంలో నేను ఊరికే నేర్పిస్తా గదా!" అనేవాడు తాత.

"టీచరమ్మ అయితే ఇంటికి పిల్లకాయలొస్తారు. ఈ సదువు సదివితే గొడ్లొస్తాయి" అని మా నాయన వంత.

అత్త మాత్రం ఇద్దరి మాటలూ వింటూ తన పని తాను చేసుకునేది. తెల్లారితే ఏదో ఒక చోట చేరాల్సిన రోజు వచ్చేసింది. అయినా ఇంట్లో వాదన తెగలేదు.

"మీ తూకం తెమిలేది గాదు. పూలు పెట్టి అడుగుదాం" అంది అవ్వ.

ఏ సంగతైనా ఎటూ తేలకపోతే మా వైపు దేవుడినే అడుగుతారు. ఎర్ర పువ్వొకటి, తెల్ల పువ్వొకటి వేర్వేరు పొట్లాలుగా కట్టి పటం ముందు పెడతారు. అభం శుభం తెలియని పిల్లల చేత ఒక పొట్లం తీయిస్తారు. ఏ రంగు వస్తే అదే దేవుడి మాట. ఇక దానికి ఎదురు లేదు. తెల్లనిది వస్తే టీచరు, ఎర్రనిది వస్తే డాక్టరు అనుకున్నారు. అవ్వే పెరట్లోకి వెళ్లి పూలు కోసుకొచ్చి, అరటాకు ముక్కల్లో చుట్టి, నారతో కట్టింది. అభం శుభం తెలియనిదాన్ని ఇంట్లో నేనొక్కదాన్నే కాబట్టి నాకు తలంటి పోశారు.

దేవుడికి కుడిచేయి నేనేనని పొంగిపోతూ కూర్చున్నాను. తీరా ఎడమచేయి చాచేసరికి దాని మీద అవ్వ చరుపు పడింది. చేయి మార్చి ఒక పొట్లం తీశాను. తాత నార విప్పాడు. తెల్లని నందివర్ధనం.

"సూస్తిరా! దేవుడికి గూడా తూకం తెలుసు" అని తాత చెంపలు వేసుకున్నాడు. మా నాయన హమ్మయ్య అన్నాడు. నా నోట్లో బెల్లం పడింది. "సరే నాయనా, మంచిదే" అంది అత్త. లేచి వెళ్లి వసారాలో చేట ముందేసుకుని బియ్యం ఏరడం మొదలుపెట్టింది.

అవ్వ మాత్రం కదల్లేదు. పటం వైపు కూడా చూడలేదు. అత్తనే చూస్తూ ఉంది. కాసేపటికి నాతో, "ఆ రెండో పొట్లం గూడా ఇప్పు పాపా" అంది.

విప్పాను. అందులోనూ తెల్లపువ్వే.

నేను బెల్లం నమలడం ఆపేశాను. మా నాయన గోడకు ఆనుకున్నాడు. మడి లేకుండా మంచినీళ్లు కూడా దేవుడి గూట్లో పెట్టని మనిషి మా అవ్వ. ఆమె దేవుడి ముందే ఇలా చేసిందంటే గోపురం ఒరిగినంత పని.

"దేవుడి ముందర మోసమా?" తాత రెండు పూలనూ పక్కపక్కన పెట్టి చూశాడు.

"దేవుడు యాడ మోసపోతాడు? మోసపోయింది మీరు. నేనడిగింది దేవుణ్ణి గాదు, బిడ్డని. నోటితో అడిగితే మీకు బయపడి మీ మాటే సెప్తాది. అందుకే దాని మొగాన్ని అడిగినా. ఆ బియ్యం నేను పొద్దున్నే ఏరి పెట్టినవి. ఏరిన బియ్యంలో రాళ్లు ఎతకతా ఉండాది, సూడండి."

అందరం అటు తిరిగాం. అత్త చేతులు చేటలోనే ఆగిపోయాయి.

ఎర్రపువ్వు తెప్పించి మళ్లీ సక్రమంగా తీయిద్దామన్నాడు తాత. జవాబు వచ్చేశాక మళ్లీ ప్రశ్నేమిటంది అవ్వ. చివరికి తాత వసారాలోకి వెళ్లి అత్త ఎదుట కూలబడ్డాడు.

"నీకేం కావాల పాపా?"

అన్ని రోజుల తూకంలో ఆ మాట అడిగినవాళ్లు లేరని నాకు అప్పుడే తట్టింది. అత్త తల ఎత్తలేదు.

"మన ఎర్రావు ఈనేటప్పుడు దూడ అడ్డం తిరిగె గదా నాయనా. అది అరస్తా ఉంటే మనమంతా సుట్టూ నిలబడి సూస్తిమి. తెల్లారేసరికి రెండూ పాయె. నేనింక నిలబడి సూడలేను."

ఆవు పోయిన రోజు కూడా ఏడవని మా తాత అప్పుడు పైపంచెతో మొహం కప్పుకున్నాడు. మర్నాడు అత్త ట్రంకుపెట్టెను తిరుపతి బస్సు మీదికి తనే ఎక్కించాడు.

ఆ తర్వాత అంతా పూలబాటేమీ కాదు. ఒకసారి గేదె తన్నితే అత్త కుంటుతూ ఇంటికొచ్చింది. "టీచరై ఉంటే పిల్లకాయలు తన్నరు గదమ్మా" అని మూలిగింది. "అయితే చేట తెమ్మంటావా?" అంది అవ్వ. కాలు నొప్పి మరిచి అత్త పగలబడి నవ్వింది.

మొన్న మా మనవరాలు ఫోనులో ఇంత పొడుగు కోర్సుల పేర్లు పెట్టుకుని నా దగ్గరికొచ్చింది. సగం పేర్లకు నాకు నోరు తిరగలేదు. అయినా తెలిసినట్టే మొహం పెట్టి, "కంప్యూటర్ తీసుకో, ఉద్యోగాలుంటాయి" అని తీర్పు చెప్పేశాను. "సరే అమ్మమ్మా" అని బుద్ధిగా వెళ్లి, మడతపెట్టి ఉన్న దుప్పటిని విప్పి మళ్లీ మడతపెట్టడం మొదలుపెట్టింది.

నాకు అత్త చేట గుర్తొచ్చింది. వెళ్లి దాని పక్కన కూర్చుని, దుప్పటి రెండో కొస పట్టుకున్నాను.

"నాకు తోచింది నేను చెప్పాను. ఇప్పుడు నీకేం కావాలో చెప్పు పాపా" అన్నాను.