మడతపడని కత్తి

2014 వానలకు ముందు నన్ను పాలకొండ వైపు కొండల్లో ఏనుగుల కదలికలు కనిపెట్టే ట్రాకర్ల బృందం మీద ఫారెస్ట్ రేంజ్ ఆఫీసర్‌గా వేశారు. కింది నుంచి వచ్చే ఫిర్యాదూ, పై నుంచి వచ్చే ఆదేశమూ ఢీకొనే కుర్చీ అది. ట్రాకర్లు వారాల తరబడి గుడారాల్లోనే ఉంటారు. వెదురు చీల్చాలి, తాళ్లు కొయ్యాలి, తడికట్టె లోపలి పొడి భాగం తీసి పొయ్యి రాజెయ్యాలి. వీటన్నిటికీ ఒక్క కత్తి చాలు, అది సరైనదైతే.

పై ఆఫీసు మడత కత్తులు పంపింది. జేబులో పడతాయి, చూడ్డానికి మర్యాదగా ఉంటాయి అన్నారు. మొదటి నెలలోనే మా పెద్ద ట్రాకర్ సింహాచలం తడి వెదురు చీలుస్తుంటే కీలు జారి, కోసే అలుగు వెనక్కి మడతపడి, చూపుడువేలు ఎముకదాకా తెగింది. కుట్లు పడి వేలు దక్కింది గానీ ఇక వంగదు. నాకు ఒళ్లు మండిపోయింది. ఇంకో మనిషి వేలు ఆ కత్తికి ఇచ్చేది లేదనుకున్నాను.

ఇంటర్నెట్‌లో వెతికాను. మంచి విదేశీ కత్తులు మా ట్రాకర్ల జీతానికి అందవు. అందేవన్నీ సినిమా హీరో కోసం చేసినట్టున్నాయి. వెన్ను మీద రంపప్పళ్లు, లోపల బోలు పిడి. ఆ వెన్ను మీద కర్రతో కొట్టి వెదురు చీల్చడం కుదిరే పని కాదు. చివరికి పాత లారీ కింది కమాన్ ఉక్కు పట్టా పట్టుకుని ఆమదాలవలసలో కమ్మరి అప్పలాచారి దగ్గరికి వెళ్లాను. అలుగు నా అరచేతికంటే కాస్త పొడుగుండాలి, వెన్ను చదునుగా, మందంగా ఉండాలి, పిడి చివరిదాకా ఒకే ఉక్కు రావాలి అన్నాను. పిడిలోకి దూరే ఉక్కును ఆయన తోక అంటాడు. మామూలుగా పొట్టి తోకను కాల్చి కర్రలోకి దింపి లక్కతో బిగిస్తారు. నాలుగు వానలు తడిస్తే పిడి ఊడి చేతికొస్తుంది.

“తోక పొడుగైతే బరువైపోద్దమ్మా. మా తాతకాడ్నించీ ఇలాగే సేస్తన్నాం,” అన్నాడు.

మీ తాత ఏనుగుల వెనక తిరగలేదు కదా అన్నాను. సణుగుతూనే చేశాడు. ఉక్కుకి రెండువైపులా చింతచెక్కలు పెట్టి మేకులు దిగ్గొట్టాడు. నా బెల్టుకి ఒకటి కట్టాను. అది చూసి ట్రాకర్లందరూ అలాంటివే చేయించుకున్నారు.

దసరాకి వాళ్లు పనిముట్లకు పూజ చేస్తారు. మాది బాప్టిస్టు కుటుంబం, నాకా అలవాటు లేదు. సింహాచలం వచ్చి అడిగితే మాత్రం కత్తి ఇచ్చాను. బొట్టు పెట్టించుకున్నది కత్తి, నేను కాదు. ఆ పూటే పై అధికారి క్యాంపు తనిఖీకి వచ్చారు. పసుపు పూసిన కత్తుల వరసలో తాము పంపినవి కనబడక, అవెక్కడని అడిగారు.

“పెట్టెలో ఉన్నాయి బాబూ. పూజలో పెడితే దేవుడి ముందు కూడా మడిసీసుకుంటాయేటో అని పెట్నేదు,” అన్నాడు సింహాచలం.

ఆయనకు నవ్వు రాలేదు. యూనిఫాం మీద కమ్మరి కత్తి మర్యాద కాదనీ, ఆడ ఆఫీసరు నడుముకి అసలే కాదనీ, అన్నీ వెంటనే తీయించమనీ అన్నారు. నేను సింహాచలం చెయ్యి పట్టుకుని ఆ వంగని వేలు ఆయన ముందు పెట్టాను. తడి వెదురు మడత కత్తితోనే చీల్చాలని సంతకం చేసి రాసివ్వండి సార్, ఇప్పుడే తీయిస్తాను అన్నాను. ఆయన సంతకం పెట్టకుండానే జీపెక్కారు. వారం తిరక్కుండా అవిధేయత అంటూ నాకు మెమో వచ్చింది. కమ్మరి కత్తులు వచ్చాక ఎవరి వేలూ తెగలేదని జవాబు రాసి, కత్తి బెల్టుకే ఉంచుకున్నాను.

నేను నేర్చుకున్నది ఇంతే. కత్తి ఎంచుకునేటప్పుడు మెరుపు కాదు, తోక ఎక్కడిదాకా ఉందో చూడాలి. ఆదేశం వచ్చినప్పుడు దాని కింద సంతకం పెట్టే మనిషి ఉన్నాడా అని చూడాలి. రిటైరైన రోజు బ్యాడ్జీలు, విజిలు అన్నీ అప్పగించాను. కత్తి ఎవరూ అడగలేదు. అడిగినా ఇచ్చేదాన్ని కాదు.