కూడూలు మూడు, ఇర్రి ఒకటి

అది మొదలైంది 2019 జనవరి 12, శనివారం, సాయంత్రం నాలుగున్నరకు. నిన్న కెనడాలో, విండ్సర్‌లో మా ఇంటి ముందు, కావలసినవాళ్ళు పట్టుకుపోతారని పాత భోజనాల బల్లను రోడ్డు పక్కన పెడుతుంటే ఆ వేళ గుర్తొచ్చింది. ఆ సాయంత్రమే అక్కయ్యగారు ఈ బల్ల మీద ఆఫ్రికా పటం పరిచి, నాలుగు మూలలా నా పచ్చడి సీసాలు బరువు పెట్టారు. ఆవిడ మా ఆయనతో కార్ల ఫ్యాక్టరీలో పనిచేసిన స్నేహితుడి భార్య. బంధుత్వమేమీ లేదు. మా ఆయన వదినగారూ అంటారు, నేను అక్కయ్యగారూ అంటాను. ఆ స్నేహితుడు మా ఆయనకు తుపాకీ పట్టడం నేర్పాడు. ఏటా నవంబరులో ఇద్దరూ దుప్పుల వేటకు పోయేవారు. అతను పోయాక తుపాకీ ఆవిడ అందుకున్నారు. మొగుడికన్నా ఆవిడ గురే మేలని మా ఆయన నాకు చెప్పని వారం లేదు.

వాళ్ళకు కావలసింది కూడూ. మెలితిరిగిన కొమ్ములున్న పెద్ద జింక అది. ఒకటి కొడితే చాలదట. దక్షిణాఫ్రికా ఉత్తరాన ఉండేది ఒక ఉపజాతి, అదే దేశంలో తూర్పు కేప్‌లోని పొట్టిది ఇంకొకటి, టాంజానియాది మూడోది. నా కంటికి మూడూ ఒకటే. "మనకు జూన్ ఎండాకాలమైతే అక్కడ చలికాలం వదినగారూ, ఆకు రాలి ఉంటుంది, జంతువు దాక్కోలేదు" అని మా ఆయన చెబుతుంటే, ఆ గొంతు ఎక్కడో విన్నానే అనుకున్నాను. పెళ్ళయిన కొత్తలో విన్నాను. ప్రతి శనివారం టీ పెట్టేదాన్ని. మూడు కప్పుల్లో నాది వంటింట్లోనే చల్లారేది, ఎందుకంటే నా కుర్చీలో ఆవిడ ఉండేవారు. "నువ్వూ రా అమ్మాయ్, అడవిలో మాకు పప్పుచారు కాచిపెడుదువు" అనేవారు. మా ఆయన నవ్వేవారు. ఆ నవ్వుకు నాకు ఒళ్ళు మండేది. డెబ్బై దాటిన మనిషి మీద ఈర్ష్య ఏమిటని మీరనుకోవచ్చు. నాకూ డెబ్బై దాటాయి.

ఆ మూడు ప్రయాణాలూ ఇంకా పటం మీదే ఉండగా, మరుసటి శీతాకాలం నాలుగోది చేరింది. టెక్సాస్‌లో మన కృష్ణజింకను పెద్ద కంచెల్లో పెంచి, వేటకు వదులుతారట. అది ఏ వేళకు బయటికొస్తుందని ఇద్దరూ వాదించుకుంటున్నారు. నేను టీ ట్రే పటం మీదే పెట్టాను.

"పొద్దు పొడవగానే. ఆడవి మందగా మేస్తాయి. ఇర్రి మాత్రం తన చోటు వదలదు. ముట్టె పైకెత్తి, కొమ్ములు వీపుకు ఆనించి అక్కడక్కడే తిరుగుతుంది. ఆ చోటు తెలిస్తే వెతకక్కర్లేదు" అన్నాను.

ఇర్రి అంటే మగది. కర్నూలు జిల్లాలో మా నాన్న శనగచేలో, పెళ్ళయ్యేదాకా డబ్బా కొట్టి వాటిని తోలినదాన్ని నేను.

"నాకెప్పుడూ చెప్పలేదేం?" అన్నారు మా ఆయన.

"మీరెప్పుడడిగారు?"

అక్కయ్యగారు లేచారు. "మరిదిగారూ, ఈసారి టీ మీరు పెట్టండి. నువ్వు కూర్చో అమ్మాయ్."

కూర్చున్నాను, నా కుర్చీలోనే. ఆ తర్వాత ప్రతి శనివారం మా ఆయన నన్ను అడుగుతూనే ఉన్నారు: చేను ఎంత, ఒక్కదానివే వెళ్ళేదానివా, భయమేసేది కాదా. అయినా నా మంట చల్లారలేదు. నలభై ఆరేళ్ళు కాపురం చేసిన మనిషి నా చిన్నతనాన్ని మొదటిసారి విన్నది ఆవిడ పక్కన కూర్చుని, ఆవిడతో పాటుగా.

మార్చిలో కోవిడ్ వచ్చి సరిహద్దులు మూసేశారు. తెరిచేసరికి అక్కయ్యగారు తుంటి ఎముక విరిగి, పటం చుట్టి పట్టుకుని, దేశానికి ఆ చివర బర్నబీలో ఉన్న కూతురి దగ్గరికి వెళ్ళిపోయారు. హమ్మయ్య అనుకున్నాను. ఆ శనివారం రెండే కప్పులు పెట్టి నా కుర్చీలో కూర్చున్నాను. మా ఆయన ఫోను చూసుకుంటున్నారు.

"మా చేలోకి ఒకసారి కుంటి లేడి వచ్చింది, తెలుసా?" అన్నాను.

"ఊఁ" అన్నారు.

బల్లను నిన్న సాయంత్రమే ఎవరో కాలేజీ పిల్లలు ఎత్తుకుపోయారు. కాలం ఎవరినీ అడక్కుండా తన లెక్క తను తేల్చుకుంటుంది కాబట్టి, నాదీ నేను తేల్చాను. బతికిపోయిన జింకలు నాలుగు. పోయినవి: ఒక పటం, ఒక అక్క, నన్ను ప్రశ్నలడిగే మొగుడు.