మారెక్కత్త చెప్పిన పదును

వాన రాకడ, ప్రాణం పోకడ ఎవరికీ తెలియవంటారు. వచ్చిన వాన చాలుతుందో లేదో మాత్రం మా వీధిలో మారెక్కత్తకు తెలిసేది. రేకుల మీద పడే చప్పుడును కళ్ళు మూసుకొని వినేది. విత్తనానికి సరిపడా నేల తడిసిందనిపిస్తే, "పదునైంది, పోండి" అనేది. ఆ మాట పడ్డాకే ఆమె మొగుడు చెన్నప్ప మామ విత్తనాలు వేసే గొర్రు కట్టేవాడు. ఆయన కడితే వీధంతా కట్టేది.

బెళుగుప్ప దగ్గర మా పల్లెకు రెండేళ్ళుగా ముంగారు వాన, అదే తొలకరి, మొహం చాటేసింది. ఆ రెండేళ్ళలోనే అత్తకు చెవులు మందగించాయి. ఒకటడిగితే ఇంకొకటి చెప్పేది. "రేకుల మీద వాన పడినా నాకింగ ఇనపడదేమో కేశవా" అని ఒకసారి నాతో అంది. మనుషుల మాటలు వినపడకపోతే ఆమెకు పెద్ద లెక్కలేదు. పదును చెప్పలేకపోతే తనను ఇంకెవరూ ఏమీ అడగరని ఆమె భయం.

వాళ్ళింట్లో గోడకు తగిలించిన పల్చటి టీవీ ఉంది. దాని స్పీకరు వెనకవైపు ఉంటుంది. మనకు చెప్పాల్సిందంతా గోడకు చెబుతుంది, దాని తెలివి తెల్లారినట్టే ఉంది. అత్తకు బొమ్మలు ఆడటమే కనిపించేది. మామ ఓర్చుకోలేకపోయాడు. శెనక్కాయ విరగపండిన ఏడు కొన్న స్టీరియో ఒకటి, రెండు పెద్ద స్పీకర్ పెట్టెలతో సహా, మూలన దుప్పటి కింద నిద్రపోతోంది. నేను జీన్సు కుట్టే పనికి రోజూ రాయదుర్గం పోయి వస్తాను కాబట్టి, టీవీకీ దానికీ కలిపే వైరు తెమ్మని నన్ను పురమాయించాడు.

నేను తెచ్చిన వైరుకున్న సన్న పిన్నును టీవీ వెనక ఇయర్‌ఫోన్ రంధ్రంలో దూర్చాం. ఎరుపు, తెలుపు పిన్నులను స్టీరియో వెనక దూర్చితే ఉలుకూ పలుకూ లేదు. పాట బయటికి పోయే రంధ్రాల్లో పెట్టామని కాసేపటికి తట్టింది. లోపలికి వచ్చేవాటిలోకి మార్చగానే వార్తలు చదివే అమ్మాయి గొంతు ఇల్లంతా నిండిపోయింది. మామ ఆ మూల ఒక పెట్టె, ఈ మూల ఒక పెట్టె పెట్టి, మధ్యలో అత్తను కూర్చోబెట్టాడు.

"ఏమే, ఇనపడతాందా?"

"ఇనపడతాండాదిలే, అరవాకు!"

అత్త మొహంలో ఆ నవ్వు చూసి ఎన్నాళ్ళయిందో. అప్పట్నుంచి వాళ్ళ ఇల్లు వేరే ఊరిలో ఉన్నట్టుండేది. బయట తెల్లటి ఎండ, గుట్టమీద నిద్రమత్తులో తిరిగే గాలిమరలు. లోపల ఎవరిదో ఏరు పారేది, ఎక్కడివో కొంగలు అరిచేవి. అత్త చాపమీద పడుకొని ఆ నీళ్ళ చప్పుడులోనే కునుకు తీసేది.

ఒక ఆదివారం మధ్యాహ్నం నేను వాళ్ళ తిన్నెమీద కూర్చొని ఉన్నాను. లోపల సీరియల్లో వాన మొదలైంది. ఆ పెట్టెల్లోంచి ఎంత చిక్కటి వాన! నాకే ఒళ్ళు చల్లబడింది. ఇంతలో అత్త విత్తనాల గంప చంకనెత్తుకొని వాకిట్లోకి పరుగెత్తుకొచ్చింది.

"పదునైంది! ఓబిలేషును పిలు కేశవా, ట్రాక్టరు తెమ్మను!"

పాదాలు చుర్రుమన్నాక గానీ ఆమె ఆగలేదు. వాకిలంతా ఎండు దుమ్ము. ఎదురింటి గడపలో ఉన్న ట్రాక్టరు ఓబిలేష్ పగలబడి నవ్వాడు. "టీవీలో పదునైతే టీవీలోనే ఇత్తుదాం పా అత్తా!" వాని నోట్లో మన్ను పడ. వీధంతా నవ్వింది. అత్త గంప తీసుకొని లోపలికి పోయింది.

ఆ తరువాత ఎవరు వాన మాటెత్తినా, "నన్నడగొద్దు" అనేది. మామ కోపంతో వైరు పీకబోతే ఆమే చెయ్యి పట్టుకుంది. "ఉండనీలేయ్యా. నిజం వాన ఎట్లాగూ లేదు. అదన్నా ఇననీ."

తరువాత ఒక సాయంత్రం నేను బస్సు దిగి వస్తుంటే గాలి దుమారం లేచింది, కరెంటు పోయింది. చినుకులు మొదలయ్యేసరికి మామ వాళ్ళింట్లో దూరాను. అత్త వంటింట్లో సంగటి కెలుకుతోంది. రేకుల మీద చప్పుడు పెరిగింది.

"ఏమయ్యా, ఆ టీవీ ఆపుతావా లేదా? ఒగసారి నగుబాటైనాను, సాలదా?"

మామ చీకట్లో నోరు తెరిచి నిలబడిపోయాడు. "కరెంటు యాడుండాదే..." అన్నాడు మెల్లగా. అది ఆమెకు వినపడలేదు. అప్పుడు గొంతు చించుకొని అరిచాడు. "కరెంటు లేదే! టీవీ కాదు! వానే!"

పక్కనున్న మొగుని మాట వినపడని చెవులకు వాన వినపడింది. రెండేళ్ళుగా మా రేకులే మూగపోయి ఉంటే, పాపం ఆమె తన చెవులను తిట్టుకుంది. తెడ్డు చేతిలో పట్టుకొనే గుమ్మంలోకి వచ్చి నిలబడింది. నాకు ఏడుపు ఆగలేదు.

ఓబిలేష్ తడిసి ముద్దయి పరుగెత్తుకొచ్చాడు. ఈసారి వాని మొహంలో నవ్వు లేదు. ఆమె చెవి దగ్గర నోరు పెట్టి గట్టిగా అడిగాడు.

"అత్తా, పదునైందా?"

ఆమె కళ్ళు మూసుకుంది. మేం ముగ్గురం ఆమె మొహమే చూస్తున్నాం.

"ఇంగా కాలేదు," అంది. "నేను చెప్పేదాకా ఎవురూ గొర్రు దించాకండి."