పార్సిల్ ఆదివారాలు

మా సారు పోయారని సోమవారం పొద్దున ఆఫీసుకు ఫోన్ వచ్చింది. ఎత్తింది నేనే. రెండు రోజుల కింద దవాఖానలో చూసి వచ్చిన మనిషి, బాగానే మాట్లాడిన మనిషి.

ఆయన అబిడ్స్‌లోని మా ఆఫీసులో హెడ్ క్లర్కుగా రిటైరయ్యారు. ఉద్యోగంలో చేరిన కొత్తలో నాకు ఫైలు కట్టడం ఆయనే నేర్పారు, హోటల్లో తక్కువ ఖర్చుతో కడుపు నింపుకోవడమూ ఆయనే నేర్పారు. ఫైళ్లన్నీ ఇప్పుడు కంప్యూటర్లోకి పోయాయి. రెండో విద్యే నాకు నిలిచింది.

హోటల్లో అడుగు పెడితే ఆయన చూపు ముందు రేట్ల మీద పడేది. "ఆకలి మనది, రేటు వాళ్లది. జర చూస్కొని కూసో" అనేవారు. వెయిటర్ చెయ్యి నీళ్ల బాటిల్ మూత మీదికి పోకముందే "గ్లాసు నీళ్లు తే బిడ్డా" అని ఆపేసేవారు. మేడ మీద ఏసీ హాలుకు రమ్మంటే, "కింద, మీద పొయ్యి ఒక్కటే కదా, గాలికి పైసలెందుకు?" అని మెట్లకు వీపు తిప్పి కూర్చునేవారు. పక్కనున్న మాకు సిగ్గుతో తల కొట్టేసినట్టుండేది. నెలాఖరున మాత్రం ఆయన వెంటే తిరిగేవాళ్లం.

అన్నిటికంటే ఆయన నమ్మింది పార్సిల్‌ను. కూర్చుని తింటే ప్లేటుకు సరిపడానే పెడతారు, పార్సిలైతే డబ్బా నిండుతుంది, ఇద్దరు తినొచ్చు అని ఆయన లెక్క. అది నిజమే, హైదరాబాదులో ఎవరినడిగినా చెప్తారు. జీతం వచ్చాక మొదటి ఆదివారం ఒక బిర్యానీ పార్సిల్ కట్టించుకుని, భార్యను వెంటబెట్టుకుని నాంపల్లి పబ్లిక్ గార్డెన్‌కు వెళ్లేవారు. రెండు స్టీలు ప్లేట్లు, కోసిన ఉల్లిగడ్డ, నిమ్మకాయ ఇంటి నుంచే. ఒకసారి అటుగా పోతూ చూశాను. చెట్టు కింద గడ్డి మీద పేపర్ పరిచి, ఆయన చేతులు తిప్పుతూ ఏదో చెప్తున్నారు. ఆఫీసులో పది మాటలు మాట్లాడని మనిషి. పిలవకుండా వచ్చేశాను.

దవాఖానలో చివరిసారి కలిసినప్పుడు భార్య మందులకని బయటికి వెళ్లింది. ఆయన నా చెయ్యి పట్టుకున్నారు.

"ఆమెకు నేను అన్యాయం చేసిన రా. గిన్నేండ్లల ఒక్కనాడన్న హోటల్ల కుర్సీ మీద కూసోబెట్టి తినిపియ్యలే. ఎప్పుడు గడ్డి మీదనే."

"ముందుగాల మీరు లేవండి సార్. ఇద్దరినీ నేనే తీస్కపోతా."

"ఏసీ హాలుకు."

"ఏసీ హాలుకే."

"బిల్లు నేను కడ్త. నువ్వు జేబుల చెయ్యి పెట్టొద్దు."

ఆ బిల్లు కట్టే రోజు ఆయనకు రాలేదు.

కొన్నాళ్లకు సారు పింఛను భార్య పేరు మీదికి మార్చే పని మీద అమ్మతో నాంపల్లి వచ్చాను. సారు భార్యను మేమంతా అమ్మా అనే పిలుస్తాం. పని అయ్యేసరికి మధ్యాహ్నమైంది. వద్దంటున్నా వినకుండా అబిడ్స్‌లో ఒక హోటల్ ఏసీ హాలుకు తీసుకెళ్లాను. బిర్యానీ చెప్పి, సారు దవాఖానలో అన్న మాట ఆమెకు చెప్పాను. ఆయన కోరిక ఈ రకంగానైనా తీరుతుందనుకున్నాను.

ఆమె చేతిలోని నీళ్ల గ్లాసు కింద పెట్టింది.

"గదే ఫికర్ పెట్టుకొని పోయిండా?"

"ఔనమ్మా."

"ఇంట్ల ఆయన నోరు తెరవకపోయేటోడు బిడ్డా. గా గార్డెన్ల కూసుంటేనే మాట్లాడేటోడు. చిన్నప్పటి ముచ్చట్లు, మీ ఆఫీసు ముచ్చట్లు, అన్ని. నెలంతా గా ఆదివారం కోసమే సూసేదాన్ని. కుర్సీ నాకెందుకు?"

"సార్‌కు ఎప్పుడన్నా చెప్పిన్రా?"

"చెప్పలే. ఆయనకు ఎర్కే అనుకున్న."

ఇంతలో బిర్యానీ వచ్చింది. వెయిటర్ ఆమె పక్కన వంగి, ప్లేట్లో వడ్డించి, ఇంకొంచెం వెయ్యమంటారా అని అడిగాడు. ఆమె వినలేదు. కొంగు భుజాల చుట్టూ కప్పుకుని, కుర్చీ అంచు మీద కూర్చుని, అన్నం మీది ఆవిరి పూర్తిగా పోయేదాకా దాన్నే చూస్తూ ఉండిపోయింది.