సారు చెప్పిన ఆకలి

ఉదయం తొమ్మిదిన్నరకు తొర్రూరు బస్టాండు పక్క హోటల్లో జంతుశాస్త్రం సారు పూరీలు ముగించి జిలేబీ తెప్పించుకున్నాడు. కడుపు నిండాక తీపి తినడం ఆయన అలవాటు. కళ్లు మూసుకుని నమిలేవాడు. పది గంటలకు ఆయన తెలంగాణ కోసం రిలే నిరాహార దీక్షలో కూర్చోవాలి.

“గిది కడుపు అడిగింది కాదు తమ్మీ, మెదడు అడిగింది. మెదడుల ఒక రసాయనం ఊరుతది, ఇంకో జిలేబీ తినుమంటది,” అన్నాడు మా తమ్ముడితో.

తమ్ముడికి చక్కెర జబ్బు. ఆ పొద్దున రోజూలాగే ఇన్సులిన్ సూది వేసుకున్నాడు. దీక్షకు ఖాళీ కడుపుతోనే కూర్చుంటానని పట్టుబట్టాడు.

మూడు గంటలకు శిబిరంలో వాడి చేతులు వణికాయి, చెమట పట్టింది. నేను చక్కెర నీళ్లు తెచ్చాను. సారు గ్లాసుకు చెయ్యి అడ్డం పెట్టాడు.

“మెదడు ఆశ పెడ్తున్నది. లొంగితే ఎట్ల? ఐదు కొట్టంగనే అందరికీ నిమ్మరసం ఇస్తం గద.”

“ఉండనీ అన్నా, నా ఇజ్జత్ తియ్యకు,” అన్నాడు తమ్ముడు.

నిమ్మరసం వచ్చేసరికి వాడు మింగలేకపోయాడు. వరంగల్ దవాఖానకు చేరకముందే పోయాడు.

చక్కెర అందకపోతే మెదడు బతకదని తర్వాత చదివాను. సారు ఏటా పిల్లలకు చెప్పే పాఠమే అది.

దినాలకు వచ్చాడు. “అమరుడైండు అవ్వా,” అని మా అమ్మతో అని, భోంచేసి, లడ్డూ ఇంకొకటి అడిగి వేయించుకున్నాడు. వడ్డించింది అమ్మే.

రాష్ట్రం వచ్చింది. ఏళ్ల తరబడి శనివారం ఒక్కపొద్దు ఉన్న మా అమ్మ ఇప్పుడు ఒక్కపొద్దు ఉండడం లేదు.