చెవి అందిన కవల

హైదరాబాద్ అశోక్ నగర్‌లో నేను ఐదేళ్లు కదలకుండా కూర్చున్నాను. రెండు వేల తొమ్మిదిలో సర్కారు కొలువు కోసం వచ్చిన రోజు ఏ బెంచీ మీద చాయ్ తాగానో, పద్నాలుగులోనూ అదే బెంచీ. మధ్యలో వచ్చిన ఒక్క పరీక్షా ఒక్క మార్కుతో పోయింది. తర్వాతి నోటిఫికేషన్ రేపో మాపో అంటూనే తెలంగాణ రాష్ట్రం కూడా వచ్చేసింది, అది మాత్రం రాలేదు.

మా కోచింగ్‌లో సైన్సు సారు సృష్టినంతా ఒక్కో మార్కు బిట్లుగా తరిగి పంచేవాడు. ఒకరోజు కాలం వంతు వచ్చింది.

"కవలల్ల ఒకడు రాకెట్ ఎక్కి, దాదాపు వెలుగంత స్పీడుతోని పోయి వాపస్ వచ్చిండు. ఇంకోడు ఇంట్లనే ఉన్నడు. ఎవడు చిన్నోడు? పోయినోడు. రాస్కోండ్రి."

"ఎందుకు సార్?" అన్నాను నేను.

"ఎందుకు అని బిట్ల అడగరు. టిక్కు పెట్టు, ముందుకు నడువు."

హాలంతా నవ్వింది. వాళ్లకేం, ఒక మార్కు. నాకది ఇంటి గొడవ. నాకు నిజంగానే ఒక కవల తమ్ముడున్నాడు, పావుగంట చిన్నవాడు. ముషీరాబాద్‌లో ట్రాలీ ఆటో తోలుతూ దూరవిద్యలో డిగ్రీ కూడా చేశాడు. టెన్త్ మెమో ప్రకారం వాడు నాకన్నా రెండేళ్లు చిన్న. సారు లెక్కన ఇది సబబే, తిరిగేది వాడు, కూర్చున్నది నేను. కాకపోతే నారాయణగూడ చౌరస్తా ట్రాఫిక్‌లో వాడి ఆటోను నడిచి వెళ్లే ముసలమ్మలు కూడా దాటిపోతారు. ఆ వేగంతో రెండేళ్లు మిగిల్చినవాణ్ని ఏ సైన్సూ చూసి ఉండదు.

అసలు ఘనత పాలమూరు జిల్లాలో మా ఊరి హెడ్మాస్టరుది. పుట్టిన కాగితాలు ఎవరికీ ఉండేవి కావు. కుడిచేయి తల మీదుగా వేసి ఎడమ చెవి పట్టుకోవాలి. అందితే ఐదేళ్లు నిండినట్టు, బళ్లో పేరు ఎక్కినట్టు. నాకు అందింది. తమ్ముడికి అందలేదు, ఇంటికి పంపేశాడు. రెండేళ్ల తర్వాత వాడికీ అందింది. అప్పుడు వాడికి ఐదేళ్లు నిండాయని రాశాడు. నాన్న ఎక్కడో బిల్డింగు పనికి పోయి ఉన్నాడు, అమ్మ ఆయన చూపించిన చోటల్లా వేలిముద్ర వేసింది. అమ్మ మమ్మల్ని పావుగంట తేడాతో కన్నది, హెడ్మాస్టరు రెండేళ్ల తేడాతో కన్నాడు.

ఉద్యోగాలకు వయసు లెక్కగట్టేది జులై ఒకటి నాటికి. పద్నాలుగులో ఆ తేదీ వచ్చేసరికి నా మెమోకు వయసు దాటిపోయింది. చిక్కడపల్లి లైబ్రరీలో సీటు కోసం పొద్దున్నే వరుసలో నిలబడ్డ ఐదేళ్లూ ఒక్క పూటలో దండగయ్యాయి. ఏడుపొచ్చింది. అంతకన్నా ఎక్కువ, తమ్ముడంటే కుళ్లు పుట్టింది. ముఖం ఒకటే, పుట్టిన పొద్దు ఒకటే, వాడికింకా రెండేళ్లున్నాయి!

రూము ఖాళీ చేయడానికి వాడే ట్రాలీ తెచ్చాడు. పరుపు ఎక్కించాక నా నోట్సుల కట్టలు చూసి ఆగాడు.

"అన్నా, ఇవి నాకియ్యి. నేను రాస్త."

"ఐదేండ్లు నేను సదివి సస్తే, నువ్వు రాస్తవా?"

"నాకు రెండేండ్లున్నయి గద. ఊకె పోనియ్యాల్నా?"

ఒళ్లు మండింది. ఆ మంటలోనే, ఎప్పుడూ ఎవరికీ చెప్పని మాట బయటికి వచ్చేసింది. "నాగ్గూడ ఉండేటియే. ఆ దినం నేను మెడ వంచిన. హెడ్మాస్టర్ సారు జూడలే. గందుకే చెవి అందింది."

వాడు తాడు బిగిస్తూనే అన్నాడు. "నేను గూడ వంచిన. అయినా అందలే."

ముడి వేసి, అటు తిరిగే చెప్పాడు. "నువ్వు బడికి పోతుంటే రోజూ గడప కాడ కూసోని ఏడుస్తుంటి. రెండేండ్లు ఏడ్చిన. సాయంత్రం దాక పొద్దే పోకపోయేది."

నా మెమోలో ఎక్కువ పడ్డ రెండేళ్లను నేను ఎన్నిసార్లు తిట్టుకున్నానో లెక్కలేదు. ఇంట్లో కూర్చున్న వాడికి అవే రెండేళ్లు ఎంత పొడుగ్గా ఉన్నాయో ఒక్కసారీ అడగలేదు. సిగ్గేసింది. కట్టలన్నీ తెచ్చి ముందు సీట్లో వాడి పక్కన పెట్టి, నేను వెనక పరుపు మీదికి ఎక్కాను.

నారాయణగూడ చౌరస్తాలో ఎప్పట్లాగే ఆగిపోయాం. వాడు పైనున్న నోట్సు తెరిచి, వెనక్కి తిరిగి గట్టిగా అడిగాడు. "అన్నా, ఇంట్ల ఉన్నోడే ముసలోడు ఎందుకైతడు?"

'ఎందుకు అని బిట్ల అడగరు' అన్న సైన్సు సారు జవాబే నోటిదాకా వచ్చింది. మింగేసి, పరుపు దిగి వెళ్లి, వాడి పక్కన ఇరుక్కుని కూర్చుని నాకు తెలిసినంత వరకు ఆ పాఠం మొదటి నుంచి చెప్పడం మొదలుపెట్టాను.